ఇరవై ప్రశ్నలు, ఒక్క ఖబర్దార్

లింగమూర్తి ఇరవై తొమ్మిదేళ్లుగా బొగ్గుబాయిలో మందు పేలుస్తున్నాడు. ఇన్నేళ్లలో అతని షిఫ్టులో ఒక్క మనిషికి గోరు ఊడలేదు. ఇందులో గొప్పేమీ లేదని అతనే అంటాడు. తొందర అనేది అతని ఒంట్లో లేదు, అంతే.

పని తీరు ఇలా ఉంటుంది. బొగ్గు గోడకు హోళ్లు వేసి, మందు కూరి, వైర్లు కలిపాక లింగమూర్తి మలుపు చాటుకు వచ్చి నిలబడతాడు. మొదట తలెత్తి పైకప్పు చూస్తాడు. తర్వాత ఎడమకు, కుడికి చూసి మనుషుల తలలు లెక్కపెట్టుకుంటాడు. "ఖబర్దార్" అని మూడుసార్లు కేక పెడతాడు. ఆ కేక చెవిన పడితే నిన్న చేరినవాడైనా, రేపు రిటైరయ్యేవాడైనా ఉన్నచోటే కూలబడి తల దాచుకోవలసిందే. అప్పుడు పది దాకా అంకెలు లెక్కపెట్టి చేతిలోని పెట్టె పిడి తిప్పుతాడు. పేలితే పొగ పోయేదాకా కదలడు. పేలకపోతే అరగంట దాకా ఎవరినీ ఆ దిక్కుకు అడుగు వేయనివ్వడు. మేనేజరు వచ్చి నిలబడ్డా అంతే.

ఇటువంటి మనిషిని తీసుకుపోయి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ప్రశ్నకు ముప్పై సెకన్లు అన్నారు.

అంతదాకా రావడానికి కారణం బాయి గేటు దగ్గర అంటించిన కాగితం. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి డ్రైవింగ్ లైసెన్సు గానీ, కనీసం నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్ఎల్ఆర్ గానీ లేనివారి బండ్లు గేటు దాటవని దాని సారాంశం. లింగమూర్తి సెంటినరీ కాలనీ క్వార్టరు నుంచి బాయికి పాత ఎక్సెల్ బండి మీద పద్దెనిమిదేళ్లుగా పోయివస్తున్నాడు. లైసెన్సు మాట అతన్ని ఎవరూ అడగలేదు. అతనూ ఎవరికీ చెప్పలేదు. ఆ బండి పోయే వేగానికి దానికి లైసెన్సు ఎందుకని అడిగేవాడికీ తోచి ఉండదు.

కాగితం అంటించిన రోజున మస్టర్ రూములో, హాజరు పడేచోట, నలభై మంది మధ్య నిలబడి రాయమల్లు ఒక మాట అననే అన్నాడు. రాయమల్లు కోల్ కట్టరు. లింగమూర్తి పేల్చిన బొగ్గును తోడేవాళ్లలో మొదటివాడు, నోట్లో నువ్వుగింజ నానని వాళ్లలోనూ మొదటివాడే.

"మా లింగమూర్తి బావకు ఏం ఫికర్ లేదు. ఇంట్లనే లైసెన్సు ఉన్నది. ఐలవ్వ చెల్లె స్కూటీ మీద ముందు కూసుంటది, బావ టిఫిన్ డబ్బ పట్టుకోని ఎనుక కూసుంటడు. గేటుకాడ దించి, జాగ్రత్తగ పో అని చెప్పి పోతది."

నలభై మంది నవ్వారు. లింగమూర్తి నవ్వలేదు. "నీకున్నదా లైసెన్సు?" అని మాత్రం అడిగాడు.

"నాకు లేకపోతేంది? నాకు స్కూటీ నడిపే పెండ్లాం కూడ లేదు గద. నా పరువుకు ఢోక లేదు."

ఆ మాట ముల్లులా దిగింది. ఎందుకంటే అందులో అబద్ధం లేదు. ఐలవ్వ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. రెండేళ్ల కింద మహిళా సంఘం వాళ్లతో కలిసి పోయి, ఐదో తరగతి చదువుతో, మొదటిసారికే పరీక్ష దాటి, తర్వాత బండి తోలి చూపించి లైసెన్సు తెచ్చుకుంది. ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి. ఆ పంతొమ్మిదిని ఆమె చాటింపు వేయలేదు గానీ, ఇంట్లో కూరలో ఉప్పు మాట వచ్చినా, కరెంటు బిల్లు మాట వచ్చినా ఎక్కడో ఒకచోట పంతొమ్మిది పలికేది. పోయిన ఆ ఒక్కటీ ఏమిటని లింగమూర్తి ఒకసారి అడిగితే, "గది నాకు తెల్వక పోలే, వాళ్లకు తెల్వక పోయింది" అన్నది.

భార్య స్కూటీ వెనుక కూర్చుని గేటు దగ్గర దిగడం, అక్కడినుంచి మస్టర్ దాకా కిలోమీటరు దూరం అందరి కళ్లముందు నడిచిపోవడం. అది జరగకూడదు. లింగమూర్తి ఆ రోజే డ్యూటీ దిగి మీసేవకు పోయి పరీక్షకు స్లాటు రాయించుకున్నాడు.

మొదటి పరీక్ష తొమ్మిదో తారీఖున. ఆర్టీఏ ఆఫీసులో చల్లటి గది, ఎనిమిది కంప్యూటర్లు. ఇరవై ప్రశ్నలు, పన్నెండు సరిపోవాలి, ప్రశ్నకు ముప్పై సెకన్లు, పోయిన ప్రశ్న తిరిగి రాదు. మొదటి ప్రశ్న తెర మీదికి వచ్చింది. ఎర్ర దీపం వెలిగితే ఏం చేయాలి అని. చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. లింగమూర్తికీ చదివిన మరుక్షణమే తెలిసింది. కానీ తెలియడం వేరు, నొక్కడం వేరు. నొక్కేముందు తలెత్తి పైకప్పు చూశాడు. ఫ్యాను ఉంది, పగుళ్లు లేవు. ఎడమకు చూశాడు, కుడికి చూశాడు. పెదవుల మీదే మూడుసార్లు ఖబర్దార్ అనుకున్నాడు. అంకెలు మొదలుపెట్టాడు. ఏడు దగ్గర ప్రశ్న మారిపోయింది.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఐదో ప్రశ్నకు గది చూసుకునే మనిషి వచ్చి వెనుక నిలబడ్డాడు.

"పెద్దమనిషీ, పక్కోళ్లయి చూసి కొట్టుడు బంద్ చెయ్యి."

"నేను చూస్తలేను బిడ్డా. మంది ఉన్నరా లేరా అని చూస్తున్న."

"మంది ఉంటే నీకేంది, లేకుంటే నీకేంది?"

దానికి జవాబు చెప్పేలోగా ఆరోదీ పోయింది. ఇరవైకి నాలుగు వచ్చాయి. ఆ నాలుగూ ఎట్లా వచ్చాయో అతనికి ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చాక ఐలవ్వ పళ్లెంలో అన్నం పెట్టి, పక్కన చారు గిన్నె పెట్టి, "పంతొమ్మిదేనా?" అన్నది. లింగమూర్తి తల వంచుకుని కలుపుకున్నాడు.

పక్క క్వార్టరు వీర్రాజుకు ఈ సంగతి గోడ అవతలినుంచే చేరింది. వీర్రాజు కొవ్వూరు వైపు మనిషి. ముప్పై ఏళ్ల కింద ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా వచ్చి, రిటైరయ్యాక కూడా ఈ బొగ్గుదుమ్ము వదిలి పోలేక పక్కనే స్థలం కొని, ఇల్లు లేచేదాకా కొడుకు క్వార్టర్లో ఉంటున్నాడు. ఒకరికి ఏదైనా నేర్పకపోతే ఆయనకు అన్నం అరగదు. సాయంత్రానికల్లా ప్రశ్నల పుస్తకం, స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని వచ్చేశాడు.

"చూడండి లింగమూర్తి గారూ. ఇది తెలివికి పెట్టిన పరీక్ష కాదండీ, టైముకి పెట్టిన పరీక్ష. ముప్పై సెకన్లని మూడు ముక్కలు చేసేయండి. పది చదవడానికి, పది ఆలోచించడానికి, పది నొక్కడానికి. నేను పదికోసారి పళ్లెం మీద కొడతాను. మీరు ముందుకెళ్లిపోవడమే."

"నొక్కుటానికి పది ఎందుకు సార్?"

"అందరికీ అక్కర్లేదండీ. మీకోసం పెట్టాను."

వీర్రాజు పుస్తకంలోంచి ఒక ప్రశ్న చూపించాడు. లింగమూర్తి చదవసాగాడు. పది సెకన్లకు పళ్లెం టంగుమంది. లింగమూర్తి టక్కున ఆగి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏవైందండీ? ఆలోచించండి."

"ఒక్క గంట కొట్టిండ్రు గద సార్."

వీర్రాజు నెత్తి పట్టుకున్నాడు. బాయి లోపల బొగ్గు డబ్బాలు లాగే తాడు దగ్గర ఒక్క గంట కొడితే ఆగాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ గంటల వైర్లకు అతుకులు వేసినవాడే ఆయన. "నాదే బుద్ధి తక్కువ" అని, రెండో ప్రశ్నకు రెండు గంటలు కొట్టాడు. రెండు గంటలంటే కిందికి దించమని. లింగమూర్తి చూపు కింది వరుసలోకి దిగిపోయింది. మూడు గంటలు కొట్టి చూశాడు. చూపు మళ్లీ పైకి వచ్చింది. చివరికి వీర్రాజు పళ్లెం పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లకు వీధిలో పోయే సోడాబండివాడు తననే పిలుస్తున్నారనుకుని వచ్చి నిలబడ్డాడు. ముగ్గురూ సోడా తాగారు.

ఐలవ్వ పళ్లెం అందుకుని వెలుగుకు పెట్టి చూసింది. "మంచిగున్నది సార్ చదువు. పళ్లానికి సొట్ట పడ్డది."

అయినా వారం రోజుల్లో కొంత దారికి వచ్చింది. లింగమూర్తి తల పైకెత్తడం మానలేదు గానీ, అంకెలు పది నుంచి నాలుగుకు తగ్గించాడు. పద్దెనిమిదో తారీఖున రెండో పరీక్షకు పోయినప్పుడు మొదటి ఐదు ప్రశ్నల్లో నాలుగు సరిగ్గా కొట్టాడు. ఆరో ప్రశ్నకు జవాబు నొక్కాడు. తెర కదల్లేదు.

కంప్యూటర్ కాసేపు మొరాయించిందంతే. పక్కవాడిదీ మొరాయించింది, వాడు నాలుగుసార్లు టకటకా నొక్కేసరికి దారికి వచ్చింది. లింగమూర్తి లెక్క వేరు. నొక్కినా పేలలేదు. ఇరవై తొమ్మిదేళ్లలో ఇది ఆరుసార్లు చూశాడు. మౌసు మీదినుంచి చెయ్యి మెల్లగా తీశాడు. కుర్చీ అంగుళం అంగుళం వెనక్కి జరిపాడు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పక్కవాడు తొంగి చూడబోతే, "అటు పోకు" అన్నాడు.

తెర తనంతట తానే దారికి వచ్చి, ఏడో ప్రశ్న చూపి, ఎనిమిదోది చూపి, ఇరవయ్యోది కూడా చూపి పరీక్ష ముగించేసింది. లింగమూర్తి కదల్లేదు. గది చూసుకునే మనిషి వచ్చి భుజం తట్టాడు.

"అయిపోయింది పెద్దమనిషీ. లెవ్వు."

"ఇంక అరగంట కాలే బిడ్డా" అన్నాడు లింగమూర్తి.

ఆ మాట అతనికంటే ముందు మస్టర్ రూముకు చేరింది. రాయమల్లు అప్పటినుంచి ఏ పనికి పిలిచినా "ఇంక అరగంట కాలే బిడ్డా" అనడం మొదలుపెట్టాడు. టీ ఇచ్చినా అదే, టోపీ దీపం ఇచ్చినా అదే. అతను కూడా స్లాటు రాయించుకున్నాడు, అది వేరే సంగతి. కాగితం అంటించాక బాయిలో సగం మందికి లైసెన్సు లేదన్న నిజం బయటపడింది.

మూడో స్లాటు ముప్పయ్యో తారీఖున దొరికింది. తెల్లవారి ఒకటి. మధ్యలో ఇంకో రోజు లేదు.

ఇరవై తొమ్మిది సాయంత్రం లింగమూర్తి అరుగు మీద కూర్చుని పుస్తకం తిరగేస్తున్నాడు. ప్రశ్నలన్నీ వస్తున్నాయి. వాటితో తగాదా లేదు. ఐలవ్వ పక్కన కూర్చుని పుంటికూర ఆకు తెంపుతోంది. ఆకు మీదినుంచి తలెత్తకుండానే అడిగింది.

"బాయిల ఒక మాటు పేల్చితే ఎన్ని హోళ్లు ఉంటయి?"

"పన్నెండు ఉంటయి. పద్నాలుగు ఉంటయి. ఎందుకు?"

"ఒక్కొక్క హోలుకు ఒక్కొక్కసారి ఖబర్దార్ అని ఒర్లుతవా?"

లింగమూర్తి ఇంత తెలివితక్కువ ప్రశ్న వినలేదన్నట్టు చూశాడు. "ఎందుకు ఒర్లుత? అన్ని వైర్లు కలిపి రౌండు కడుతం. ఒక్కటే మాటు చూసుకుంటం, ఒక్కటే మాటు ఒర్లుతం. పిడి తిప్పినంక అన్ని వరుసగ పోతయి."

"మరి గీ ఇరవైకి ఇరవైసార్లు ఎందుకు పైకి చూస్తున్నవ్?"

లింగమూర్తి పుస్తకం మూశాడు. ఐలవ్వ ఇంకో కట్ట విప్పింది. వీధిలో షేర్ ఆటో ఒకటి వచ్చి ఆగి, పోయింది.

"ప్రశ్నలు మొదలయ్యేముందు ఒక పేజీ వస్తది చూడు" అన్నది ఆమె. "పేరు కరెక్టేనా, ఊరు కరెక్టేనా అని. కింద షురూ అని ఒకటి ఉంటది. నువ్వు గది నొక్కేదాక గడియారం నడువది. నేను అక్కడ మంచిగ చీర సర్దుకోని, నీళ్లు తాగి, ఎల్లమ్మను మొక్కి అప్పుడు నొక్కిన. పంతొమ్మిది వచ్చినయి."

ఆ పంతొమ్మిది మొట్టమొదటిసారి లింగమూర్తికి గుచ్చుకోలేదు.

ముప్పయ్యో తారీఖున పొద్దున పదకొండు గంటలకు గదిలోకి పోయేసరికి ఎనిమిది కుర్చీల్లో ఆరు బాయి మనుషులవే. రాయమల్లు పక్క కుర్చీలో ఉన్నాడు. తలకు నూనె రాసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని వచ్చాడు.

"బావా, అరగంట అయిందా?" అన్నాడు.

లింగమూర్తి తెర మీద తన పేరు చూసుకున్నాడు. తండ్రి పేరు, పుట్టిన తేదీ చూసుకున్నాడు. కింద మొదలుపెట్టే గుర్తు ఆకుపచ్చగా ఉంది. గడియారం ఎక్కడా లేదు. ఐలవ్వ చెప్పింది నిజమే.

ఇక రౌండు కట్టడం మొదలుపెట్టాడు. తలెత్తి పైకప్పు మొత్తం, మూలలతో సహా, తీరిగ్గా చూశాడు. ఎడమకు చూశాడు, నలుగురు. కుడికి చూశాడు, ముగ్గురు. వైర్లన్నీ కలిశాయి. ఇరవై హోళ్లు, ఒక్క పిడి. ఇరవై తొమ్మిదేళ్ల అలవాటు ఒళ్లంతా నిండి, ఇది చల్లటి గది అన్న సంగతి మరిచిపోయేలా చేసింది. నిటారుగా కూర్చుని, పొట్ట నిండా గాలి పీల్చి, నూరు గజాలకు వినబడేలా కేక పెట్టాడు.

"ఖబర్దార్. ఖబర్దార్. ఖబర్దా...ర్."

మూడో కేక ముగియకముందే రాయమల్లు బల్ల కింద ఉన్నాడు. ఎట్లా పోయాడో అతనికీ తెలియదు. ముప్పై ఏళ్లు బాయిలో పనిచేసిన మోకాళ్లు వాటంతట అవే వంగాయి. మిగతావాళ్లలో ఇద్దరు గోడకు ముఖం పెట్టి చెవులు మూసుకున్నారు. ఒకడు తలుపు చాటుకు పోయాడు. ఇంకొకడు తన పక్కన కూర్చున్న కాలేజీ పిల్లను కూడా లాగి కింద కూర్చోబెట్టి, తన చేతిలోని కాగితాల అట్ట ఆమె నెత్తి మీద పెట్టాడు. ఆ ఐదుగురిలో ఒక్కడికి కూడా ఇక్కడ పేలడానికి ఏముందన్న అనుమానం రాలేదు. ఆ కేకకు అనుమానపడినవాళ్లు బాయిలో ఎక్కువ కాలం ఉండరు.

లింగమూర్తి పది లెక్కపెట్టి నొక్కాడు. నొక్కి, లేచి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.

నిలబడ్డాక గుర్తొచ్చింది, ఇక్కడ పొగ రాదని. వచ్చి కూర్చునేసరికి మొదటి ప్రశ్న పోయింది.

రెండో ప్రశ్న సగంలో ఉండగా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రఘుపతి పక్క గదినుంచి పరుగున వచ్చాడు. నోట్లో ఇంకా ఇడ్లీ ఉంది. గదిలో ఎనిమిది తెరలు వెలుగుతున్నాయి, కుర్చీల్లో మనుషులు ఇద్దరే ఉన్నారు.

"ఎవడు అరిచింది? ఏమైంది ఇక్కడ?"

"సార్, జర ఆగుండ్రి" అన్నాడు బల్ల కిందినుంచి రాయమల్లు. "లోపలికి రాకుండ్రి. పొగ పోనియ్యుండ్రి."

"ఏం పొగ? ఎక్కడి పొగ? లే పైకి. ఏయ్ పెద్దాయనా, నువ్వేనా అరిచింది? నిన్నే అడుగుతున్నా."

లింగమూర్తికి ఆ మాటలు ఎక్కడో పై పొరలోనుంచి వస్తున్నట్టు వినబడ్డాయి. రౌండు పేలుతుండగా మాట్లాడకూడదు. జీబ్రా గీతల దగ్గర నడిచేవాళ్లకు దారి ఇవ్వాలి, నొక్కాడు. ఇరుకు వంతెన మీద ఎదుటి బండి ముందే ఎక్కితే ఆగాలి, నొక్కాడు. ఘాటులో దిగే బండి ఎక్కే బండికి దారి ఇవ్వాలి. ఇది బాయిలో కూడా అంతే, నొక్కాడు. తెలియని గుర్తు ఒకటి వచ్చింది, నీలం గుండ్రంలో ఏదో వంకర బాణం. పైకప్పు బాగాలేని చోట గుంజలు పెడుతూ కూర్చోకూడదు, వదిలేసి పక్కకు పోవాలి. ఏదో ఒకటి నొక్కి వదిలేశాడు. రఘుపతి చెవి పక్కన నిలబడి అరుస్తూనే ఉన్నాడు. కాపలా లేని రైల్వే గేటు దగ్గర దిగి, ఎడమకు కుడికి చూసుకుని దాటాలి. ఆ జవాబు చూసి లింగమూర్తికి కళ్లు చెమర్చినంత పనయింది. చూసుకునే మనుషులు పైన కూడా ఉన్నారన్నమాట.

పంతొమ్మిది ప్రశ్నలయ్యేసరికి తెర మూలన పదకొండు అని ఉంది. ఇంకొక్కటి కావాలి. మిగిలిందీ ఒక్కటే.

ఇరవయ్యో ప్రశ్న: ఎల్ఎల్ఆర్ మాత్రమే ఉన్నవారు ద్విచక్ర వాహనం వెనుక ఎవరిని కూర్చోబెట్టుకోవాలి? ఒకటి, కుటుంబ సభ్యులను మాత్రమే. రెండు, లైసెన్సు ఉండి నేర్పే మనిషిని. మూడు, ఎవరినైనా.

ముప్పై సెకన్లు. మొదటి పది చదవడానికి పోయాయి. కుటుంబ సభ్యులు అన్న చోట చూపు ఆగింది. వెనుక ఐలవ్వ కూర్చున్నట్టు, భుజం మీదినుంచి "గుంత ఉన్నది, గేదె ఉన్నది, మెల్లగ" అని దారి పొడుగునా చెబుతున్నట్టు కళ్లకు కట్టింది. చెయ్యి దానంతట అదే రెండో దాని మీదికి పోయింది. కొత్తగా బాయిలో దిగినవాడి పక్కన పాతవాడు ఉండాలి, ఇదీ అంతే అనుకున్నాడు. నాలుగు సెకన్లు మిగిలుండగా నొక్కాడు.

పన్నెండు. తెర ఆకుపచ్చగా వెలిగింది.

అప్పుడు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "ఇగ చెప్పుండ్రి సార్" అన్నాడు రఘుపతితో.

రఘుపతి తెర చూశాడు. లింగమూర్తిని చూశాడు. కుర్చీల్లోకి పాక్కుంటూ వస్తున్న మిగతా మనుషులను చూశాడు. అరవకూడదని నియమాల కాగితంలో ఉందేమో అని గోడ మీద వెతికాడు. ఫోన్ వాడకూడదని ఉంది, ఉమ్మకూడదని ఉంది. అరవడం మాట లేదు.

"ఏం పని చేస్తావు నువ్వు?"

"మందు పేలుస్త సార్."

"బయటికి పో. కాగితం బయటికే పంపిస్తా. నువ్వు గదిలో ఉంటే వీళ్లకు పరీక్ష పెట్టలేను."

తతిమ్మావాళ్లకు మళ్లీ మొదటినుంచి పెట్టించాడు. రాయమల్లుకు పద్నాలుగు వచ్చాయి. బయటికి వచ్చి ఆ పద్నాలుగును పన్నెండు పక్కన పెట్టి చూపించుకుంటూ, నెత్తి మీద బల్ల తగిలి లేచిన బొప్పిని తడుముకుంటూ, బస్సు వచ్చేదాకా ఒకటే మాట అన్నాడు. "గింత గట్టిగ ఒర్లితివి, ఒక్క డబ్బ బొగ్గన్న రాలకపాయె బావా."

ఒకటో తారీఖు పొద్దున. షిఫ్టు ఏడింటికి. లింగమూర్తి ఆరూ ఐదుకల్లా గేటు దగ్గర ఉన్నాడు. ఎక్సెల్ బండికి ముందొకటి, వెనుకొకటి ఎర్రటి ఎల్ అక్షరం అంటించాడు. కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గేటు కాపలా సంపత్ కాగితం తీసుకుని ముందూ వెనుకా చూశాడు.

"మంచిగున్నది కాకా. మరి చిన్నమ్మ ఏది?"

"చిన్నమ్మ ఎందుకు?"

"ఎల్ఎల్ఆర్ అయితే ఎనుక లైసెన్సు ఉన్నోళ్లు ఉండాలె. ఉత్తగ నువ్వొక్కనివే ఎట్ల వస్తవు? పరీక్షల అడుగలేదా గిది?"

అడిగారు. అతనే నొక్కాడు. నాలుగు సెకన్లు మిగిలుండగా నొక్కాడు. లింగమూర్తికి వాదించడానికి కాలు పెట్టేంత చోటు కూడా దొరకలేదు. గేటు పక్కన చూస్తే రాయమల్లు తన బండి మీద, పద్నాలుగు మార్కుల కాగితం పట్టుకుని, కూర్చుని ఉన్నాడు. అంతకుముందే వచ్చి ఇరుక్కున్నాడు.

లింగమూర్తి గడియారం చూసుకున్నాడు. ఇంటికి పదిహేను నిమిషాలు, మళ్లీ గేటుకు పదిహేను. మధ్యలో ఐలవ్వ. ఆ మధ్యది ఏ లెక్కకూ అందేది కాదు.

ఐలవ్వ బియ్యం కడుగుతోంది. సంగతి విన్నది. చేతులు తుడుచుకుంది. పొయ్యి ఆర్పింది. చీర సర్దుకుంది. నీళ్లు తాగింది. ఎల్లమ్మ పటానికి మొక్కింది. లైసెన్సు కార్డు వెతికి, తీసి, తుడిచింది. లింగమూర్తి వాకిట్లో బండి పట్టుకుని నిలబడి, జీవితంలో మొదటిసారి "జల్ది" అన్నాడు.

"జల్ది ఏంది. గడియారం షురూ కాలే ఇంక" అని ఆమె వెనుక కూర్చుంది.

దారి పొడుగునా గుంత ఉందని, గేదె ఉందని, మెల్లగా పొమ్మని చెబుతూనే వచ్చింది. గేటు దగ్గరికి చేరేసరికి ఆరూ నలభై. షిఫ్టు జనమంతా అక్కడే ఉన్నారు. సంపత్ ఐలవ్వ కార్డు చూసి నమస్కారం పెట్టాడు. తర్వాత బుర్ర గోక్కున్నాడు.

"చిన్నమ్మా, నీకు లోపలికి పాసు లేదు గద."

"నాకెందుకు పాసు? నేను బాయి దిగుతనా?"

"నువ్వు లోపలికి రావద్దు. నువ్వు లేకుంట బండి లోపలికి రావద్దు."

సంపత్ తప్పేమీ లేదు, రెండు నియమాలూ గోడ మీద పక్కపక్కనే అంటించి ఉన్నాయి. లింగమూర్తి బండి దిగాడు. ఐలవ్వ ముందుకు జరిగి హ్యాండిల్ పట్టుకుంది. టిఫిన్ డబ్బా తీసి అతని చేతికి ఇచ్చింది. చుట్టూ నలభై మంది ఉన్నారు. నవ్వాల్సిన రాయమల్లు నవ్వలేదు.

"ఐలవ్వ చెల్లె" అన్నాడు, గొంతు తగ్గించి. "రేపటికెల్లి మా ఇంటి మీదికెల్లి వస్తవా? ఒకరోజు నా ఎనుక, ఒకరోజు బావ ఎనుక. బండి లోపలికి పోకున్న మంచిదే. గేటు దాకనన్న తోలుకోని వచ్చిన అనిపించుకుంట."

"నీ మొగం" అన్నది ఐలవ్వ. "మా ఇంటాయన నెల రోజులల్ల అసలు లైసెన్సు తెచ్చుకుంటడు. అప్పుడు నీ ఎనుక గాయినె కూసుంటడు. గట్టిగ ఒర్లుతడు, దారి మంచిగ ఇస్తరు."

ఎక్సెల్ బండికి కిక్కు కొట్టబోయి, ఏదో గుర్తొచ్చి ఆగింది.

"గా ఆఖరి ప్రశ్న, ఎనుక ఎవలు కూసోవాలె అన్నది, నువ్వేం కొట్టినవ్?"

"రెండు."

"గదే నాకు తప్పుపోయింది" అన్నది ఐలవ్వ. "ఇంటి మనుషులు కూసుంటే ఎవనికేం నొప్పి అని ఒకటి కొట్టిన. ఇప్పటికైన నాదే కరెక్టు."

బండి తిప్పుకుని పోయింది. లింగమూర్తి, రాయమల్లు మస్టర్ వైపు నడక మొదలుపెట్టారు. కిలోమీటరు దూరం. పక్కనుంచి లైసెన్సు ఉన్నవాళ్ల బండ్లు ఒక్కొక్కటే హారను కొట్టి పోతున్నాయి.

"బావా" అన్నాడు రాయమల్లు సగం దూరం పోయాక. "ఆఖరిదానికి నేను గూడ రెండే కొట్టిన."

లింగమూర్తి టిఫిన్ డబ్బా ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఆరూ యాభై అయింది. జల్ది నడిస్తే మస్టర్ అందుతుంది.

"నడువు" అన్నాడు.